పాఠకుల సర్వే, లక్కీ డ్రా: కలవకూడని రెండు జాబితాలు – ఒక కేస్ స్టడీ

ఆడవాళ్లు రాసే, ఎక్కువగా ఆడవాళ్లే చదివే ఒక తెలుగు బ్లాగర్ల సమూహాన్ని కేసుగా తీసుకుందాం. రాసేవాళ్లు 40 మంది. ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో కొత్త రాతలు అందుకునే పాఠకులు 4,000 మంది. సగానికి పైగా హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ చుట్టుపక్కల ఉంటారు, మిగతావాళ్లు బెంగళూరు, చెన్నై, గల్ఫ్, అమెరికాల్లో. సమూహానికి తెలియాల్సినవి మూడు: ఎవరు చదువుతున్నారు, ఏ వేళలో ఏ ఫోన్లో చదువుతున్నారు, ఏ శీర్షిక ఆపేస్తే వాళ్లకి వెలితిగా ఉంటుంది. ఇందుకు 18 ప్రశ్నల సర్వే పెట్టి, పాల్గొన్నవాళ్లలో ఐదుగురికి డ్రా తీసి తలా 1,000 రూపాయల పుస్తకాల కూపన్ ఇవ్వాలన్నది ఆలోచన. ఇది ఫలానా సమూహం అని పేరు పెట్టి చెప్పే కేసు కాదు. పని ఎలా నడుస్తుందో అంకెలతో చూపడానికి కట్టుకున్న నమూనా. చట్టాలు, తేదీలు, పాత ఉదంతాలు మాత్రం అసలువే.

ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. సర్వేలో మనకి కావలసింది నిజమైన జవాబు. అది పేరు అడగనప్పుడే వస్తుంది. డ్రాకి కావలసింది పేరు, ఫోన్ నంబరు. ఈ రెండింటినీ ఒకే ఫారంలో పెట్టిన క్షణం నుంచి రెండూ పాడవుతాయి. "ఫలానా రచయిత్రి రాతలు చదవడం మానేశాను" అని ఎవరూ తన నంబరు పక్కన రాయరు. బహుమతి వస్తుందేమో అన్న ఆశ ఉంటే అసలే రాయరు. కాబట్టి జవాబుల జాబితా ఒకటి, డ్రా జాబితా ఒకటి, రెండూ ఎక్కడా కలవకూడదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క నియమాన్ని నిలబెట్టడానికి పడే పాట్లే.

రెండు ఫారాలు

గూగుల్ ఫారమ్స్‌తోనే ఈ పని అయిపోతుంది. మొదటి ఫారం సర్వే. అందులో ఈమెయిలు సేకరించే సెట్టింగు ఆపెయ్యాలి. పేరు, ఫోను అడిగే గడి ఒక్కటీ ఉండకూడదు. జవాబులు పంపగానే కనిపించే ధన్యవాదాల సందేశంలో రెండో ఫారం లింకు పెట్టాలి. ఆ రెండో ఫారంలో మూడే గడులు: పిలవాల్సిన పేరు, ఫోనో ఈమెయిలో ఏదో ఒకటి, 18 ఏళ్లు నిండాయా అన్న టిక్కు.

ఒకరికి ఒక్క జవాబే అని పరిమితి పెట్టే సౌకర్యం ఉంది కదా అని చాలామంది దాన్ని నొక్కేస్తారు. అది గూగుల్ ఖాతాతో లాగిన్ అయితేనే పనిచేస్తుంది. మన పాఠకుల్లో అత్తాకోడళ్లు, తల్లీకూతుళ్లు ఒకే ఫోను వాడే ఇళ్లు ఎన్నో. ఇంట్లో ఒకరు జవాబిస్తే రెండోవారికి ఫారమే తెరుచుకోదు. పైగా లాగిన్ అడిగితే తన పేరు తెలిసిపోతుందేమోనని వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. అందుకని సర్వే ఫారంలో ఆ పరిమితి వద్దు. ఒకే మనిషి రెండుసార్లు రావడం అనే సమస్యని డ్రా జాబితాలో నంబర్లు సరిచూసుకుని తీర్చుకోవచ్చు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని లొసుగు ఒకటుంది. రెండు ఫారాల షీట్లలోనూ మొదటి నిలువు వరుస సమయమే. సర్వే షీట్లో 57వ వరుస రాత్రి 9:14:08కి వచ్చింది. డ్రా షీట్లో ఒక పేరు 9:14:50కి వచ్చింది. ఆ నిమిషంలో ఇంకెవరూ రాలేదు. అంతే, ఆ జవాబు ఎవరిదో తెలిసిపోయినట్టే. పేరు అడగలేదని మనం ఇచ్చిన మాట ఉత్తదైపోయింది. సమయం నమోదు కాకుండా ఆపే సెట్టింగు గూగుల్ ఫారమ్స్‌లో లేదు. మార్గం ఇది: రెండు ఫారాలకి యజమానులు ఇద్దరు వేర్వేరు మనుషులై ఉండాలి, ఒకరి షీటు ఇంకొకరికి కనబడకూడదు. గడువు ముగిశాక సర్వే షీటు కాపీ తీసి, సమయం వరుస తీసేసి, మిగతా వరుసల్ని చిందరవందరగా కలిపి, ఆ కాపీనే విశ్లేషణ చేసేవాళ్లకి ఇవ్వాలి. అసలు షీటు చెరిపెయ్యాలి. ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చూసేది గూగుల్ డ్రైవ్‌లో మరిచిపోయిన ఈ అసలు షీటునే.

సమయం తీసేసినా మనిషి దొరికిపోయే దారి ఇంకొకటుంది. మస్కట్‌లో ఉండే, 55 దాటిన, రిటైరైన టీచరు అంటే మన 4,000 మందిలో ఒక్కరే ఉండొచ్చు. ఊళ్లని అడిగేటప్పుడే "గల్ఫ్ దేశాలు", "ఉత్తర అమెరికా" అని పెద్ద గంపల్లో వెయ్యాలి. ఫలితాల్లో ఐదుగురికన్నా తక్కువ మంది ఉన్న గుంపు గురించి విడిగా ఏమీ రాయకూడదు.

రెండు ఫారాలు విడదీసినందుకు మనం కట్టే మూల్యం ఒకటుంది. డ్రా లింకు ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు. సర్వే నింపకుండానే జనం డ్రాలో చేరిపోతారు. దీన్ని పసిగట్టడం తేలిక: రోజూ రాత్రి రెండు షీట్లలో వరుసలు లెక్కపెట్టాలి. సర్వే వరుసల కన్నా డ్రా వరుసలు ఎప్పుడూ కొంచెం తక్కువే ఉండాలి, ఎందుకంటే కొందరికి బహుమతి అక్కర్లేదు. డ్రా వరుసలు దాటిపోయిన రోజున లింకు బయటికి పోయిందని అర్థం. అప్పటిదాకా చేరినవాళ్లని తీసెయ్యకూడదు, ఎవరు సర్వే నింపారో మనకి తెలియదు గనక. కొత్త డ్రా ఫారం తయారుచేసి, ధన్యవాదాల సందేశంలో లింకు మార్చి, పాతది మూసెయ్యాలి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే లైమ్‌సర్వే లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ప్రతి పాఠకురాలికీ విడి టోకెన్, అంటే తనకి మాత్రమే ఇచ్చే కోడు, వెళ్తుంది. ఎవరు పూర్తిచేశారో తెలుస్తుంది, ఏ జవాబు ఎవరిదో తెలియకుండా సెట్ చేసుకోవచ్చు. దాన్ని పెట్టి నడపడానికి సర్వరు సంగతి తెలిసిన మనిషి ఒకరు కావాలి.

బహుమతి ఎంత, ఏది

పెద్ద బహుమతి పెడితే జవాబులు ఎక్కువ వస్తాయి, చదివేవాళ్ల జవాబులు మాత్రం రావు. కొత్త ఫోనో, బంగారు నాణెమో పెట్టండి, ఉచిత బహుమతుల కోసమే నడిచే టెలిగ్రామ్ గ్రూపుల్లోకి లింకు గంటలో చేరుతుంది. మన రాత ఒక్కటీ చదవనివాళ్లు ఏ శీర్షిక నచ్చిందో టిక్కులు పెడతారు. పుస్తకాల కూపన్‌కి ఆ బాధ తక్కువ. చదివేవాళ్లకే అది విలువైనది, అమ్ముకోవాలనుకునేవాళ్లకి కాదు.

5,000 రూపాయలు ఒకరికే ఇవ్వడం కన్నా ఐదుగురికి 1,000 చొప్పున ఇవ్వడం మేలు. 640 మంది డ్రాలో చేరితే ఒక్కొక్కరికీ 128లో ఒక వంతు అవకాశం. "చేరినవాళ్లు 600 దాటితే గెలిచే అవకాశం 120లో ఒకటి కన్నా తక్కువ" అని ముందే రాసెయ్యాలి. పాఠకులు దీనికి వెనుకాడరు. దాచిపెడితేనే అనుమానిస్తారు.

సర్వేల మీద జరిగిన పరిశోధన చాలాకాలంగా ఒక సంగతి చెబుతోంది: తర్వాత ఇస్తామన్న దానికన్నా ముందే చేతిలో పెట్టిన చిన్న కానుక ఎక్కువ పనిచేస్తుంది. లక్కీ డ్రా ఆశ ఈ రెండింటికన్నా బలహీనం. అందుకని డ్రా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. సమూహంలోని రచయిత్రులు కలిసి తయారుచేసిన పండుగ వంటల పీడీఎఫ్ ఒకటి, ఫారం మొదటి పేజీలోనే, జవాబివ్వకముందే అందరికీ ఇవ్వొచ్చు. ఖర్చు లేదు. తీసుకున్నాక ఓ పది నిమిషాలు కూర్చుని నింపుదామన్న మొహమాటం పుడుతుంది, ఆ మొహమాటం మనకి పనికొస్తుంది.

విదేశాల పాఠకులకి పుస్తకాలు పంపితే పోస్టు ఖర్చు పుస్తకం ధరని మించిపోతుంది. బహుమతి చేరే చిరునామా భారతదేశంలో ఉండాలని నిబంధన పెట్టి, విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి అమ్మకో చెల్లెలికో ఇప్పించుకోవచ్చని రాస్తే సరిపోతుంది.

స్పాన్సర్ దొరికితే జాగ్రత్త రెట్టింపవ్వాలి. చీరల షాపు యజమాని 10,000 రూపాయల కూపన్లు ఇస్తానంటారు, బదులుగా పాల్గొన్నవాళ్ల ఫోన్ నంబర్లు అడుగుతారు. ఇవ్వకూడదు. డ్రా కోసం తీసుకున్న నంబరు డ్రాకే. ఒక ప్రశ్న వాళ్లది పెట్టొచ్చు, పక్కనే "ఈ ప్రశ్న స్పాన్సర్ అడిగినది" అని రాసి. ఫొటో పెట్టి ట్యాగ్ చేసిన బ్లాగర్లకి డ్రాలో అదనపు ఎంట్రీ అని స్పాన్సర్ అడిగితే అది ఇంకా చిక్కు. డ్రాలో చోటు కూడా ప్రతిఫలమే. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 2014లో కోల్ హాన్ చెప్పుల కంపెనీకి రాసిన లేఖలో ఇదే చెప్పింది. 1,000 డాలర్ల షాపింగ్ బహుమతి కోసం ఆ కంపెనీ పింటరెస్ట్‌లో తమ చెప్పుల ఫొటోలు పెట్టించింది. పెట్టినవాళ్లు అది పోటీ కోసమని చదివేవాళ్లకి తెలియజెయ్యలేదు. మన దగ్గర 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పోటీలు, స్వీప్‌స్టేక్స్ (లక్కీ డ్రా) ఎంట్రీలు వెల్లడించాల్సిన సంబంధాల్లోకి వస్తాయి. "మీ టైమ్‌లైన్‌లో షేర్ చేస్తే ఎంట్రీ" అన్న షరతుని ఫేస్‌బుక్ తన నియమాల్లోనే కుదరదంటుంది.

ప్రశ్నలు

18 ప్రశ్నలు, ఫోన్లో 6 నుంచి 8 నిమిషాలు. అంతకు మించితే సగంలో వదిలేసేవాళ్లు పెరుగుతారు. చివరి ప్రశ్నలకి చేతికొచ్చిన టిక్కు పెడతారు.

మన పాఠకులతో పెద్ద ఇబ్బంది మర్యాద. "మా శీర్షికలు బాగున్నాయా?" అంటే "చాలా బాగున్నాయండి" అంటారు. ఆ జవాబుతో చేసేదేమీ లేదు. అభిప్రాయం కన్నా జరిగినదాన్ని అడగాలి. "గత 7 రోజుల్లో మీరు చివరిదాకా చదివిన రాత ఏది? గుర్తుంటే రాయండి." "గత వారం తెరిచి, మధ్యలో వదిలేసినది ఉందా? ఎందుకు?" ఈ రెండింటికి వచ్చే జవాబులు పది నక్షత్రాల రేటింగుల కన్నా విలువైనవి.

"కథలు, వంటలు మీకు నచ్చుతున్నాయా?" అన్నది ఒక ప్రశ్నలా కనిపించే రెండు ప్రశ్నలు. కథలు నచ్చి వంటలు నచ్చనావిడ ఏం టిక్కు పెడుతుంది? విడగొట్టాలి.

పని గురించి అడిగేచోట "గృహిణి / ఉద్యోగిని" అని రెండే పెడితే తప్పు లెక్క వస్తుంది. పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, పొలం చూసుకునేవాళ్లు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు ఎటు వెళ్లాలి? ఎన్నైనా టిక్కు పెట్టుకునే వీలిచ్చి ఆరేడు ఎంపికలు పెట్టాలి. వయసు పదేళ్ల వరుసల్లో చాలు. కులం, ఆదాయం అడగొద్దు. ఈ సర్వేలో ఆ జవాబులతో మనం చేసేది లేదు. అవసరం లేనిది అడిగితే అవసరమైన ప్రశ్నకి కూడా జవాబు రాదు.

గ్రిడ్ ప్రశ్నలు, అంటే అడ్డంగా ఐదు నిలువు వరుసలుండే పట్టికలు, ఫోన్లో కుడివైపు కత్తిరించుకుపోయి కనిపిస్తాయి. పక్కకి జరిపితేనే చివరి వరుసలు వస్తాయి. జరపనివాళ్లంతా కనిపించిన మూడింట్లో ఏదో ఒకటి నొక్కుతారు. ఫలితంలో అందరూ "అప్పుడప్పుడు" చదువుతున్నట్టు తేలుతుంది. గ్రిడ్‌ని ఐదు చిన్న ప్రశ్నలుగా విడగొడితే పొడవు పెరిగినా నిజం వస్తుంది.

రాసే జవాబులు మూడు రకాలుగా వస్తాయి: తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగుగా, వాయిస్ టైపింగ్ తప్పులతో. వీటిని చదివి గుంపులు చెయ్యడానికి ఇద్దరు మనుషులు విడివిడిగా కూర్చోవాలి. తర్వాత ఇద్దరి గుంపులూ పోల్చుకోవాలి.

విడుదలకి ముందు 8 మంది పాఠకులతో ఫోన్లో మాట్లాడుతూ నింపించాలి. ప్రశ్న పైకి చదవమని, ఏమనుకుంటున్నారో చెప్పమని అడగాలి. అందులో ఇద్దరు 60 దాటినవాళ్లు, ఒకరు చిన్న స్క్రీన్ ఫోను వాడేవాళ్లు అయ్యుండాలి. వాళ్లు ఆగిన ప్రతి చోటా ప్రశ్న మార్చాలి.

గడువు 14 రోజులు. 5వ రోజున, 12వ రోజున గుర్తుచెయ్యాలి, అంతకన్నా ఎక్కువ వద్దు. మార్చి నెల వద్దు, పది, ఇంటర్ పరీక్షల పిల్లలున్న తల్లులు దొరకరు. సంక్రాంతి వారం, వరలక్ష్మీ వ్రతం ముందు రోజులు, దసరా, దీపావళి వద్దు. ముగింపు సమయం "రాత్రి 11:59, భారత కాలమానం" అని స్పష్టంగా రాయాలి. అమెరికాలో అప్పుడింకా ఆ రోజు మధ్యాహ్నమో, పొద్దుటో. అది రాయకపోతే "ఇంకా రోజు అయిపోలేదు కదా" అన్న ఫిర్యాదు తప్పదు.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది

బహుమతి, అదృష్టం, కట్టిన సొమ్ము: ఈ మూడూ ఒకచోట చేరితే అది లాటరీ. 1998 లాటరీల నియంత్రణ చట్టం లాటరీని నిర్వచించేది టికెట్ కొని పాల్గొనడం మీదే. అనుమతి లేని లాటరీ ఆఫీసు నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం, ఇదే పాత శిక్షాస్మృతిలో 294ఏ. కాబట్టి పాల్గొనడానికి ఒక్క రూపాయి కూడా, ఏ రూపంలోనూ, తీసుకోకూడదు. సభ్యత్వ రుసుము కట్టినవాళ్లకే డ్రా అన్నా, పుస్తకం కొన్నవాళ్లకే అన్నా లెక్క మారిపోతుంది. బిస్కట్ పొట్లాల మీద, టీ పొడి పొట్లాల మీద "తమిళనాడుకు వర్తించదు" అని కనిపించడానికి కారణం 1979 నాటి తమిళనాడు బహుమతి పథకాల నిషేధ చట్టం. అది సరుకు కొన్నవాళ్లలో డ్రా తీసే పథకాల మీద పెట్టినది. చెన్నైలో తెలుగు పాఠకులు ఎందరో ఉన్నారు గనక కొనుగోలుకి ముడిపెట్టకపోవడానికి ఇది మరో కారణం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్‌లో రెండు సంగతులు మనకి సూటిగా తగులుతాయి. ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, పథకం ముగిశాక ఫలితం పాల్గొన్నవాళ్లకి చెప్పకుండా దాచడం. రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. వ్యాపారాన్ని పెంచుకోవడానికి డ్రాలు నడపడం కూడా అదే సెక్షన్ పరిధిలోకి వస్తుంది. సరుకు అమ్మని, స్పాన్సర్ లేని సర్వేకి చిక్కు తక్కువ. స్పాన్సర్ పెద్దదైతే, బహుమతి వేలల్లోంచి లక్షల్లోకి పోతే, న్యాయవాదికి నిబంధనలు చూపించకుండా మొదలుపెట్టొద్దు.

పన్ను: డ్రాలో వచ్చిన బహుమతిని ఆదాయపన్ను చట్టం లాటరీ గెలుపుగానే చూస్తుంది. ఒక్క బహుమతి విలువ 10,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లే 30 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పరిమితిని ఒక్కొక్క బహుమతికీ విడిగా చూస్తున్నారు. వస్తువు ఇస్తే ముందు పన్ను కట్టించుకుని గాని చేతికివ్వకూడదు. దీన్ని అందరూ 194బి అని పిలుస్తారు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది గనక సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిటర్‌తో సరిచూసుకోవాలి. 1,000 రూపాయల కూపన్‌కి టీడీఎస్ బెడద లేదు.

అమెరికా పాఠకుల సంగతి: అక్కడ కూడా ఉచిత ప్రవేశమే ప్రాణం. న్యూయార్క్, ఫ్లోరిడాల్లో రిజిస్ట్రేషన్, బాండు అడిగేది మొత్తం బహుమతులు 5,000 డాలర్లు దాటినప్పుడు, మనం ఆ దరిదాపుల్లో లేము. కెనడాలో మాత్రం గెలిచినవాళ్లని చిన్న లెక్క ఒకటి చేయించాకే బహుమతి ఇవ్వడం రివాజు. ఉత్త అదృష్టం మీద ఇచ్చే బహుమతులని అక్కడి క్రిమినల్ కోడ్ ఒప్పుకోదు.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. గడువు కోసం ఆగక్కర్లేదు. డ్రా ఫారం పైన తెలుగులో నాలుగు వాక్యాలు చాలు: నంబరు ఎందుకు తీసుకుంటున్నాం, ఎవరు చూస్తారు, ఏ తేదీన చెరిపేస్తాం, తీసెయ్యమనడానికి ఎవరిని అడగాలి. 18 లోపువాళ్లకి తల్లిదండ్రుల అనుమతి రుజువు కావాలి, అందుకే ఆ టిక్కు.

డ్రా తీయడం

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ఇక్కడ కావాలి, అన్నిటికన్నా నిర్లక్ష్యం జరిగేదీ ఇక్కడే. షీట్లో యాదృచ్ఛికంగా అంకె వేసే ర్యాండ్ ఫార్ములా పెట్టి, స్క్రీన్ చూపిస్తూ పేరు చదువుతారు. ఆ ఫార్ములా షీట్లో ఏ గడి మారినా మళ్లీ కొత్త అంకె వేస్తుంది. చూసేవాళ్ల కళ్లముందే విజేత మారిపోతుంది. ఎన్నిసార్లు మార్చుకుని చూపించారో అన్న అనుమానం ఇక పోదు. ఫార్ములా వాడితే వచ్చిన అంకెల్ని వెంటనే విలువలుగా అతికించి స్థిరపరచాలి. 1998 నుంచి నడుస్తున్న ర్యాండమ్.ఆర్గ్ లాంటి బయటి సైటు వాడటం ఇంకా మంచిది.

చీటీలు వేసి కుండలో కలపడం నిజాయితీగా కనిపిస్తుంది గాని, కలపడం నిజంగా కష్టం. 1969 డిసెంబరు 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి ఎవరిని ముందు పిలవాలో పుట్టినతేదీల లాటరీ తీశారు. 366 నీలం గొట్టాల్లో తేదీలు పెట్టారు. జనవరివి ముందు, డిసెంబరువి చివర పెట్టెలో వేశారు, సరిగా కలపలేదు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్ల తేదీలు ఎక్కువగా ముందే వచ్చేశాయి. మరుసటి ఏడాది డ్రమ్ములు రెండు పెట్టి, ర్యాండమ్ అంకెల పట్టికల సాయంతో పద్ధతి మార్చాల్సి వచ్చింది. 640 చీటీలు రాసి, మడిచి, బిందెలో వేస్తే చివర వేసినవి పైనే ఉంటాయి.

మనకి అంత సరంజామా అక్కర్లేదు. కిట్టీ పార్టీల్లో ఆడే తంబోలా డబ్బా చాలు. అందులో 1 నుంచి 10 దాకా బిళ్లలు మాత్రం తీసుకోవాలి. 10ని సున్నాగా లెక్కించాలి. 6కీ 9కీ కింద గీత లేకపోతే మార్కర్‌తో గీయాలి, లేదంటే వీడియో కాల్లో తగువు వస్తుంది.

ముందుగా డ్రా జాబితాలో ఒకే నంబరు రెండుసార్లు ఉన్నవి తీసేసి, మిగిలిన 640 మందిని కలగాపులగం చేసి 1 నుంచి 640 దాకా వరుస సంఖ్యలివ్వాలి. డ్రాకి ముందురోజు సాయంత్రానికి ఎవరి సంఖ్య వాళ్లకి చేరాలి. ఇది తప్పనిసరి. సంఖ్య ముందే చేతిలో ఉంటే తర్వాత జాబితా మార్చడానికి వీల్లేదు. మొత్తం 640 అని కూడా అందరికీ ప్రకటించాలి.

వీడియో కాల్లో నిర్వాహకులు కాని ఇద్దరు పాఠకులు సాక్షులు. ఒకరు బిళ్ల తీస్తారు, ఇంకొకరు రాస్తారు. మొదటి బిళ్ల వందలు, రెండోది పదులు, మూడోది ఒకట్లు. తీసిన ప్రతి బిళ్లనీ మళ్లీ డబ్బాలో వేసి ఊపాలి. వెయ్యకపోతే 334, 566 లాంటి సంఖ్యలు ఎన్నటికీ రావు, వాటి యజమానులకి అవకాశమే లేనట్టు. 000 వచ్చినా, 641 నుంచి 999 దాకా వచ్చినా ఆ మూడు బిళ్లల్నీ వదిలేసి మొదటి నుంచి తీయాలి.

సరిగ్గా ఇక్కడే తొందరపడతారు. వందల స్థానంలో 8 వచ్చిందనుకోండి, "ఆ ఒక్క బిళ్ల మళ్లీ తియ్యండి" అంటారు. తర్వాత 6 వచ్చి, పదుల్లో 7 పడితే పదులది మాత్రం మళ్లీ తీస్తారు. చూడటానికి తేడా ఏముందనిపిస్తుంది. లెక్క వేస్తే, 600 నుంచి 639 దాకా సంఖ్యలున్నవాళ్లకి మిగతావాళ్లకన్నా రెట్టింపు అవకాశం, 640వ ఆవిడకి 20 రెట్లు. వందల్లో 7, 8, 9 రాగానే ఆగిపోవచ్చు, అందులో దోషం లేదు, కానీ మళ్లీ మొదలుపెట్టేది వందల నుంచే. ఇంకో అడ్డదారి, వచ్చిన సంఖ్యలోంచి 640 తీసెయ్యడం. 700 వస్తే 60 అని. అలా చేస్తే మొదటి 359 మందికి మిగతా 281 మందికన్నా రెట్టింపు అవకాశం.

పది సంఖ్యలు తీయాలి: మొదటి ఐదు విజేతలు, తర్వాతి ఐదు అదే వరుసలో రిజర్వు. వచ్చేవాటిలో 36 శాతం వదిలెయ్యాల్సినవే గనక సగటున 16 సార్లు మూడేసి బిళ్లలు తీయాల్సొస్తుంది. పాతిక నిమిషాల పని. నిర్వాహకులు, రచయిత్రులు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ జాబితాలో అసలు ఉండకూడదు. ఈ మాట నిబంధనల్లో మొదటి రోజే రాసి ఉండాలి.

గెలిచినవాళ్లకి కబురు

కేబీసీ లాటరీ తగిలిందంటూ వాట్సాప్‌లో వచ్చే మోసపు సందేశాలు మన పాఠకులందరికీ తెలుసు. మన కబురు కూడా అలాగే కనిపిస్తుంది. అందుకని ఏ నంబరు నుంచి, ఏ తేదీల్లో ఫోను వస్తుందో సర్వే మొదలైన రోజే ప్రకటించాలి. ప్రాసెసింగ్ రుసుము, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడగబోమని రాయాలి. మా పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే 1930కి ఫోన్ చెయ్యమనీ రాయాలి. గెలిచినావిడ తన డ్రా సంఖ్య తనే చెప్పాలి, మనం చెప్పకూడదు. కుటుంబమంతా వాడే ఫోనైతే స్క్రీన్ మీద మెరిసే సందేశంలో బహుమతి మాట ఉండకుండా "మీతో మాట్లాడాలి, వీలైనప్పుడు చెప్పండి" అని పంపాలి. తను రాస్తున్నట్టో చదువుతున్నట్టో ఇంట్లో చెప్పనివాళ్లు ఉంటారు. వాళ్ల గుట్టు మన చేతిలో ఉంది.

రెండు వేర్వేరు రోజుల్లో రెండుసార్లు ప్రయత్నించి, 72 గంటల్లో పలకకపోతే రిజర్వులో మొదటి సంఖ్యకి వెళ్లాలి. ప్రకటనలో సంఖ్య, ఊరు మాత్రమే. పేరు, ఫొటో ఆవిడ ఒప్పుకుంటేనే.

జవాబులతో ఏం చెప్పొచ్చు

640 మంది డ్రాలో ఉన్నారు, సర్వే ఇంకొంచెం ఎక్కువమంది నింపి ఉంటారు. 4,000లో ఇది ఆరో వంతు. ఇంతమంది జవాబిచ్చారు గనక పాఠకులందరి మాట ఇదేనని రాయకూడదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికి ఓటేస్తారని లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి కార్డులు పంపింది. 20 లక్షలకి పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డు పంపిన చిరునామాలు ఒక వర్గానివి, తిరిగి పంపినవాళ్లు అందులోనూ ఒక వర్గం. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ఆ వంకర పోలేదు. తమంతట తాము వచ్చి నింపిన సర్వేకి "ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం" అని రాయడం కూడా తప్పే, ఆ లెక్క యాదృచ్ఛికంగా ఎంచుకున్న నమూనాకే చెల్లుతుంది. "జవాబిచ్చినవాళ్లలో ఇంతమంది" అనే రాయాలి.

వంకర ఎటు ఉందో చూసుకునే దారి ఉంది. 4,000 మంది జాబితాలో ప్రతి 200వ పేరూ తీసుకుంటే 20 మంది వస్తారు. వాళ్లకి ఫోన్ చేసి సర్వేలోంచి ఐదే ప్రశ్నలు అడగాలి, నింపారా లేదా అన్నదానితో సహా. నింపనివాళ్లు ఎక్కువగా ఒకే మాట చెబితే, ఉదాహరణకి వాట్సాప్‌లో శీర్షిక మాత్రం చూసి వదిలేస్తున్నామంటే, సర్వేలో వచ్చిన "రోజూ చదువుతాను" అన్న లెక్కని దానికి తగ్గట్టు అర్థం చేసుకోవాలి. 18 ప్రశ్నలనీ ఒకే టిక్కుతో ముగించిన వరుసల్ని విశ్లేషణలోంచి తీసెయ్యొచ్చు. ఎన్ని తీశామో ఫలితాల్లో రాయాలి. వాళ్ల డ్రా ఎంట్రీలని మాత్రం తాకలేము, ఎవరివో తెలియదు గనక. అలా తెలియకపోవడమే మనకి కావలసింది.

ఫలితాలు డ్రా రోజునుంచి నెల లోపల పాఠకులకి చేరాలి. రెండు పేజీలు చాలు: ఏం అడిగాం, ఏం చెప్పారు, దాన్నిబట్టి ఏ శీర్షిక ఆపుతున్నాం, ఏది వారం నుంచి పక్షానికి మారుస్తున్నాం. కూపన్లు అందినట్టు ఐదుగురి దగ్గరా రసీదు తీసుకున్న 30వ రోజున డ్రా జాబితా చెరిపెయ్యాలి. ఫోన్లలో సేవ్ చేసుకున్న నంబర్లు, వీడియో రికార్డింగులో కనబడ్డ పేర్లు, ముందురోజు సంఖ్యలు పంపిన మెయిళ్ల కాపీలు కూడా అందులో భాగమే. ఖాతా పుస్తకంలో మిగలాల్సినవి ఐదు రసీదులు, కూపన్ల బిల్లు.